కొండచిలువ కోసం వెళ్తే మార్పు చేప కనిపించింది

మయామీలో మా అబ్బాయి దగ్గర రెండు నెలలున్నాను. బీచ్‌లు, మాల్స్, గుళ్ళు అందరూ చూసేవే కాబట్టి వాటి జోలికి పోను. మే నెలాఖరున అక్కడికి దగ్గర్లోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల పార్కులో గడిపిన ఒక్క పూట సంగతి మాత్రం చెప్పాలి.

కొండచిలువను చూపిస్తానని తీసుకెళ్ళాడు వాడు. మేం వెళ్ళినప్పుడు కారుకు 35 డాలర్ల టికెట్టు. మన లెక్కలో మూడు వేల పైమాటే. మా కొల్లేటి ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి జన్మలో ఇంత ఇవ్వలేదు నేను. రాయల్ పామ్ దగ్గర దిగీ దిగగానే దోమలు చుట్టుముట్టాయి. పార్కింగ్‌లో కార్లకు కప్పుకోమని టార్పాలిన్లు పెట్టారు. అక్కడి రాబందులు వైపర్ల రబ్బరు పీక్కుతింటాయట! మన దగ్గర పశువులకు వేసిన డైక్లోఫెనాక్ నొప్పి మందు పుణ్యమా అని రాబందు కంటపడి ఎన్నేళ్ళయిందో. ఇక్కడ వాటికి కార్లు కూడా ఫలహారమే.

అనింగా ట్రైల్ మైలు కూడా ఉండదు. చెక్క వంతెన మీద నడక, కింద ఎలిగేటర్లు. కొండచిలువ జాడ లేదు. అక్కడ వాలంటీరుగా ఉన్న ఒకావిడ, నా ఈడుదే, నా మొహం చూసి నవ్వింది. వేలల్లో ఉన్నాయి గానీ కాళ్ళ దగ్గరే పడుకున్నా గడ్డిలో కనపడవంది. ఆగ్నేయాసియా నుంచి పెంపకానికని తెచ్చుకున్న పాము పిల్లలు. పెద్దవయ్యాక భరించలేక కొందరు వదిలేశారు. ఇక వాటికి అడ్డేముంది? 2012లో వచ్చిన ఒక పరిశోధనలో, రాత్రిపూట రోడ్ల మీద కనిపించే రకూన్ల (పిల్లి కంటే కాస్త పెద్ద జంతువులు) లెక్క 99.3 శాతం పడిపోయిందని తేలింది. కుందేలైతే ఒక్కటీ కనపడలేదు. "ఒకప్పుడు రకూన్లు మా అన్నం బుట్ట తెరిచి తినేసేవి, ఇప్పుడు చూద్దామన్నా లేవు" అని ఆవిడ చెబుతుంటే, అబ్బాయి తెలుగులోకి మార్చి చెప్పాడు. మీ ఇండియా వాళ్ళే వచ్చి పట్టారని కూడా అంది. నిజమే. 2017లో తమిళనాడులో పాములు పట్టే ఇరుళ తెగ వాళ్ళు మాసి సదయన్, వడివేల్ గోపాల్ వచ్చారు. తర్వాత 2023లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు.

అప్పటిదాకా నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఆవిడ చేతిలో బయటి నుంచి వచ్చిన జంతువుల బొమ్మలున్నాయి. క్యూబా కప్ప, టెగు బల్లి, ఆ తర్వాత మీసాల చేప. "ఒరే, ఇది మన మార్పు రా!" అని అరిచేశాను. పక్కన ఫొటోలు తీసుకుంటున్న దంపతులు వెనక్కి తిరిగారు.

అక్కడ దాన్ని వాకింగ్ క్యాట్‌ఫిష్ అంటారు. 1960లలో చేపల ఫారాల నుంచి తప్పించుకుందట. వాన రాత్రుల్లో నేల మీద పాక్కుంటూ వచ్చి చెరువుల్లో దూరి చేపల్ని తినేస్తుందని ఫారాల వాళ్ళు చెరువు చుట్టూ కంచెలు కట్టుకున్నారు. అనుమతి లేకుండా ప్రాణంతో దగ్గర ఉంచుకోవడం నేరం.

కైకలూరులో తొలకరి పడిందంటే చాలు, గట్టు దాటి ఎదురెక్కే మార్పుల్ని మేం లాంతరు పట్టుకుని తట్టలోకి ఏరుకునేవాళ్ళం. ముల్లు గుచ్చుకుని వేలు వాచిపోతే అమ్మ పసుపు పెట్టి, అదే చేతికి పులుసన్నం పెట్టేది. దాన్ని పట్టుకుని దొంగంటున్నారు వీళ్ళు!

ఉక్రోషం ఆగక ఆవిడకో మాట చెప్పాను. మా చెరువుల్లోకి మీ వైపు నుంచే ఒక రాకాసి చేప వచ్చిపడింది, ఒంటి నిండా ముళ్ళు, వలలు చీల్చేస్తోంది అని. ఫోన్లో బొమ్మ చూసి తలూపింది. "అది మాది కాదు, దక్షిణ అమెరికాది. మా కాలవల్లోనూ ఉంది." ఇక నా నోట మాట లేదు.

తిరుగు ప్రయాణంలో వాన దంచికొట్టింది. హోమ్‌స్టెడ్ ఊరు ఇంకా రాలేదు, కాలవ పక్కన కారాపించాను. ఫోన్ లైటు వేసుకుని గడ్డి అంచున వెతికాను. నీళ్ళు రోడ్డు మీదికి పారుతున్నాయి, సరిగ్గా మార్పు ఎదురెక్కే వాలే.

"నాన్నా, ఇక్కడ ఎలిగేటర్లుంటాయి, ఎక్కండి!" అని అద్దం దించి అరిచాడు వాడు. ఎక్కాను. నా చెప్పుల బురద కారు కార్పెట్‌కి అంటిందని ఇల్లు చేరేదాకా సణుగుతూనే ఉన్నాడు.