ఉప్పుగాలికి సెలవులు లేవు

విశాఖపట్నంలో మన బడి వెనుక ఉన్న సైకిళ్ల షెడ్డుకు మూడు వైపులే గోడలు ఉండేవనీ, నాలుగో వైపు సరిగ్గా సముద్రానికి ఎదురుగా తెరుచుకుని ఉండేదనీ 1979లో పదో తరగతి పూర్తిచేసిన మా జట్టులో ఎవరిని అడిగినా చెబుతారు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యేసరికి తరగతి గదిలో పుస్తకాల అట్టలు సైతం చేతికి జిగటగా తగిలేవి. ఆ షెడ్డులో నెల రోజులు వదిలేసిన సైకిలు గంట మోగేది కాదు, కిరకిరలాడేది. మన బడి సంచిక కోసం రాస్తున్న ఈ వ్యాసంలో నేను మంచి అలవాట్ల గురించి రాయదలచుకున్నాను. నాకు తెలిసినంతలో ఆ చదువు తరగతి గదిలో జరగలేదు, ఆ షెడ్డులోనే జరిగింది. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టాను.

మా సైన్సు మాస్టారు షెడ్డు స్తంభానికి ఒక మేకు కొట్టి, దానికి పాత బనీను గుడ్డ ఒకటి తగిలించారు. దాని కింద గూట్లో చిన్న సీసాలో కొబ్బరి నూనె ఉండేది. సైకిలు తెచ్చుకునే ప్రతి పిల్లవాడూ సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు ఆ గుడ్డతో హ్యాండిలు, రిమ్ము, గంట మూత ఒకసారి తుడిచి తీరాలి. పని ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. గుడ్డను రెండు వేళ్లకు చుట్టి, ముందు చక్రాన్ని ఎడమ చేత్తో మెల్లగా తిప్పుతూ ఉంటే రిమ్ము తనంతట తానే గుడ్డలోంచి సాగిపోయేది. పుల్లలు రిమ్ములోకి దిగే చోట మాత్రం ఆగి, గోటి మీద గుడ్డ వేసి ఒక్కొక్క నట్టు చుట్టూ తిప్పాలి. తుప్పు మొదట పట్టేది అక్కడే. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నా వేళ్లకు ఆ వాసన వదిలేది కాదు.

మాస్టారు దీన్ని పాఠంగానూ చెప్పారు. మామూలు తేమ వల్ల ఇనుము తుప్పు పట్టడం నెమ్మదిగా సాగుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు రేణువులు లోహం మీద పేరుకున్నాక, వాన పడని రోజున కూడా అవి గాలిలోని తేమను లాగి పలుచని ఉప్పునీటి పొరను తయారుచేస్తాయి; ఆ నీటిలో విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది కనుక తుప్పు వేగం పెరుగుతుంది. పైగా తుప్పు పొర గుల్లగా ఉంటుంది. రాగి మీది చిలుము లోపలి లోహాన్ని కాపాడినట్లు ఇది కాపాడదు, పెచ్చులుగా రాలి కొత్త ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. నూనె పొర ఆ తేమను ఆపుతుంది. కొబ్బరి నూనె కొన్నాళ్లకు జిగురుకట్టి ఇసుకను పట్టుకుంటుందనీ, మిషను నూనె మేలనీ పెద్దయ్యాక తెలుసుకున్నాను. మాస్టారికి ఆ సంగతి తెలియక కాదు. ప్రతి ఇంట్లోనూ దొరికేది కొబ్బరి నూనే, దొరకని వస్తువుతో అలవాటు నిలవదు.

నేను ఆ వయసులో తెలివైనవాణ్ననుకునేవాణ్ని. రోజూ రెండు నిమిషాలు ఎందుకు, ఆదివారం ఇంటి దగ్గర అరగంట కూర్చుని శుభ్రంగా తుడుస్తానని మాస్టారితో బేరమాడాను. ఆయన కోప్పడలేదు. "ఉప్పుగాలికి సెలవులు లేవు కదరా, ఆదివారం దాకా ఆగమని దానికెవరు చెబుతారు?" అని మాత్రం అన్నారు. ఆ ఆదివారాల్లో మొదటిది జరిగింది, రెండోది పెళ్లికి వెళ్లడంతో పోయింది, మూడోది క్రికెట్టుకు బలైపోయింది. పండగ సెలవులు కలిసి వచ్చాక ఒక ఉదయం, పరీక్షకు వెళుతూ కింగ్ జార్జి ఆసుపత్రి దగ్గరి వాలు రోడ్డు కేజీహెచ్ డౌన్ ఎదురెక్కుతుండగా బిగుసుకుపోయిన గొలుసు లంకె పళ్ల మీద నుంచి జారి తెగింది. సైకిలు నడిపించుకుంటూ, చేతులకు నల్లటి మడ్డితో, ఇరవై నిమిషాలు ఆలస్యంగా పరీక్ష గదిలోకి వెళ్లాను. జవాబు పత్రం మీద నా బొటనవేలి ముద్ర స్పష్టంగా పడింది. దిద్దింది మాస్టారే; ఆ ముద్ర చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా సున్నా చుట్టి, ఏమీ రాయకుండా ఇచ్చారు.

ఆ తరవాత ఆయన నాకు చెప్పిన కిటుకు ఒక్కటే. సైకిలుకు స్టాండు వేయడం ఏనాడైనా మర్చిపోయావా అని అడిగారు. లేదన్నాను. అయితే స్టాండు తీసే ముందు గుడ్డ అందుకో, గుడ్డ పట్టనిదే స్టాండు తీయకు, అన్నారు. కొత్త పనికి విడిగా వేళ కేటాయిస్తే ఆ వేళను మరో పని ఆక్రమిస్తుంది. ఎలాగూ మానని పనికి దాన్ని ముడివేస్తే అది తన చోటు తాను చూసుకుంటుంది. అప్పుడు నాకు ఇందులో ఏ గొప్పా కనబడలేదు, మాస్టారు పట్టు వదలడం లేదనే అనిపించింది.

పద్దు రాసుకునే అలవాటు కూడా బడిలో మొదలైనదే కానీ దాని గురించి చెప్పేది కొంచెమే. ఇప్పటికీ రాత్రి పళ్లు తోముకున్నాక నాలుగు వరుసలు రాస్తాను. డబ్బు ఆదా అయిందని చెప్పలేను, పూర్ణా మార్కెట్టులో ఏ కూర ఎప్పుడు ఏ ధర పలికిందో మాత్రం మా ఇంట్లో వాదనకు తావు లేదు.

నలభై ఆరేళ్ల వయసులో, 2009లో, డాక్టరు గారు నా రక్తపోటు చూసి మందు రాసి, రోజూ నడవమనీ, ఉప్పు తగ్గించమనీ చెప్పినప్పుడు, ఇన్నేళ్ల షెడ్డు చదువునూ మరిచి నేను మళ్లీ ఆదివారం బేరమే మొదలుపెట్టాను. కొత్త బూట్లు కొన్నాను. తెల్లవారుజామున ఐదింటికి లేచి, ఆర్కే బీచి నుంచి, ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామి దాటి ఇంకా ముందుకు వెళ్లి రావాలని నిర్ణయించుకున్నాను. పదకొండు రోజులు నడిచాను. పన్నెండో రోజు వాన పడింది, పదమూడో రోజు బద్ధకం పట్టింది, పదిహేనో రోజుకు బూట్లు మంచం కిందకు చేరాయి. బీచి రోడ్డులో ప్రతి జనవరిలోనూ కొత్తగా కనిపించి ఫిబ్రవరికి మాయమయ్యే ముఖాలను ఎరిగినవారికి ఇది వింత కాదు.

అప్పుడు గుర్తుకు వచ్చింది స్టాండు. నేను ఏనాడూ మానని పని ఉదయం కాఫీ. గ్లాసు కడిగి బోర్లించగానే చెప్పులు వేసుకుని వీధి చివరి దాకా వెళ్లి రావడం, అంతకు మించి ఏమీ ఆశించకపోవడం అని పెట్టుకున్నాను. వీధి చివర నుంచి ఎవరూ ఊరికే తిరిగి రారు, కాళ్లే ఇంకాస్త దూరం అడుగుతాయి. కొన్ని నెలలకు ఆ నడక అరగంటకు చేరింది. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వేగపు నడక లాంటి శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే లెక్కకు, వారానికి ఐదు రోజులైతే అది సరిపోతుంది. ఉప్పు విషయంలో ఆ సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల కన్నా తక్కువ, అంటే సుమారు ఒక టీ చెంచాడు. ఆవకాయ, ఎండుచేపల పులుసు మధ్య పుట్టి పెరిగిన మనిషికి ఇది నడక కన్నా కష్టం. నేను ఆవకాయను మానలేదు. జాడీని భోజనాల బల్ల మీద నుంచి తీసి వంటింటి పై అరలోకి మార్చాను. కావాలంటే లేచి వెళ్లి తెచ్చుకోవాలి, పెరుగన్నం మధ్యలో లేచే ఓపిక నాకు లేదు. నా బద్ధకం నాకు మేలు చేసిన సందర్భం అదొక్కటే.

ఏ అలవాటైనా 21 రోజుల్లో స్థిరపడుతుందని చాలామంది చెబుతుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని 12 వారాల పాటు గమనించి చేసిన అధ్యయనంలో తేలింది వేరు. ఎంచుకున్న పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి నడిమి లెక్కన, అంటే అందరి రోజులనూ వరుసగా పేరిస్తే మధ్యలో వచ్చే అంకె ప్రకారం, 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అంచనా కట్టారు. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం లేదని కూడా అందులోనే ఉంది. పన్నెండో రోజు వానకు నా నడక ఆగిపోవలసిన అవసరమే లేదని ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. ఒక రోజు తప్పినందుకు నాలో నేనే సిగ్గుపడి మొత్తం వదిలేశాను, అసలు దెబ్బ తీసింది ఆ సిగ్గే.

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదకు వచ్చింది. ఊళ్లోని చెట్లు వేర్లతో సహా పడిపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు, కరెంటు లేక నీళ్లు పైకెక్కలేదు, ఫోన్లు మూగబోయాయి. మా అమ్మకు రాత్రి పడుకోబోయే ముందు వంటింటి డ్రమ్ము నింపి, టార్చిలైటును తలుపు వెనుక మేకుకు తగిలించే అలవాటు. ఎండాకాలం నీటి ఎద్దడి నేర్పిన పని అది. కుళాయి బాగా వచ్చే రోజుల్లో కూడా ఎందుకమ్మా ఈ చాకిరీ అని నేను విసుక్కునేవాణ్ని. శనివారం రాత్రి కూడా ఆవిడ డ్రమ్ము నింపింది. తుఫాను హెచ్చరిక విని నింపలేదు, రోజూ నింపుతుంది కాబట్టి నింపింది. మూడు రోజులు ఆ నీళ్లతో మేమూ, పక్క వాటాలో ఉండే పసిబిడ్డ తల్లీ గడుపుకున్నాం. చీకట్లో టార్చి కోసం ఎవరమూ వెతుక్కోలేదు, చేయి తిన్నగా మేకు దగ్గరికి వెళ్లింది.

ఆ తుఫానులో అటక మీది పెట్టె తడిసి మా బడి ఫొటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఈ సంచిక కోసం ఆనాటి సైకిళ్ల షెడ్డు ఫొటో ఏదైనా ఉంటే పంపమని సంపాదకులు రెండుసార్లు అడిగారు. ఫొటో లేదు. సైకిలు ఉంది. గొలుసు రెండుసార్లు, టైర్లు లెక్కలేనన్నిసార్లు మారాయి కానీ రిమ్ములూ, గంటా ఆనాటివే. ఫొటో తీసుకోవడానికి ఎవరినైనా పంపితే, సాయంత్రం పూట పంపండి; గుడ్డ పట్టేది ఆ వేళకే.