చెరువు నీళ్లు ఏ వేళకి కొలవాలి? బెంగళూరులో మా అనుభవం

మేము చేసిన మొదటి తప్పు గడియారం దగ్గర. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అందరికీ తీరిక కాబట్టి, వైట్‌ఫీల్డ్ వైపున్న మా చిన్న చెరువులో కరిగిన ఆక్సిజన్‌ను ఆ వేళకే కొలిచేవాళ్లం. లీటరుకు 11, 12 మిల్లీగ్రాములు వచ్చేది. చెరువు బాగుపడిందనుకున్నాం. నిజానికి ఆ అంకె చూసి భయపడాలి. 25 డిగ్రీల నీళ్లు సముద్రమట్టం దగ్గర గాలి నుంచి పట్టుకోగలిగేది 8.3 మిల్లీగ్రాములే. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి తక్కువ, కాబట్టి ఇక్కడ సుమారు 7.4. అంతకు మించిందంటే ఎండలో నాచు తయారుచేసిందన్నమాట. రాత్రయ్యేసరికి అదే నాచు ఆ ఆక్సిజన్‌ను తిరిగి తినేస్తుంది.

చేపల కాంట్రాక్టు తీసుకున్నాయనకి ఇది మాకన్నా ముందే తెలుసు. "పొద్దున ఆరింటికి రండి సార్, చేపలు మూతులు పైకి పెట్టి గుటకలేస్తుంటాయి" అన్నాడు. వెళ్లి కొలిస్తే 2 దాటలేదు. చేపలు బతకాలంటే కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు. అప్పటిదాకా రాసుకున్న మూడు నెలల కొలతలు పక్కన పడేశాం. ఇప్పుడు తెల్లారకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిస్తేనే పుస్తకంలోకి ఎక్కిస్తాం. ఆ రెంటి మధ్య తేడా పెరుగుతుంటే నాచుకి మేత, అంటే చాలావరకు మురుగు, ఎక్కువ అందుతున్నట్టే.

మీటరు కొనొచ్చు గానీ, ఎప్పటికప్పుడు సరిచూడకపోతే తప్పు అంకెనే చూపిస్తూ పోతుంది. మేము రసాయనాలతో ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతికే కట్టుబడ్డాం. 300 మి.లీ. బీఓడీ సీసాను (నీటి పరీక్షకు వాడే బిరడా సీసా) నీళ్లలో పూర్తిగా ముంచి, మెల్లగా వంచి నింపాలి. బకెట్‌తో తోడి పోస్తే గాలి కలిసి లేని ఆక్సిజన్ కూడా కనిపిస్తుంది. గట్టు మీదే 2 మి.లీ. మాంగనీస్ సల్ఫేటు, 2 మి.లీ. ఆల్కలీ అయొడైడ్ అజైడు, పిపెట్ కొన నీళ్లలో మునిగేలా వదలాలి. బుడగ మిగలకుండా బిరడా పెట్టి తిప్పితే గోధుమరంగు మడ్డి దిగుతుంది. తెల్లగా దిగిందంటే ఆక్సిజన్ లేనట్టే, ఇక మిగతా పరీక్ష కూడా అక్కర్లేదు. తర్వాత 2 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఇది మాత్రం రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉన్న పెద్దవాళ్ల పని, పిల్లల చేతికి సీసా ఇవ్వం. అందులోంచి 200 మి.లీ. తీసి, 0.025 నార్మల్ (గాఢత కొలమానం) థయోసల్ఫేటు చుక్కలు చుక్కలుగా వేయాలి. లేత గడ్డిరంగుకి వచ్చాకే గంజి ద్రావణం కలపాలి. ముందే కలిపితే గంజితో వచ్చే నీలం ఒక పట్టాన వదలదు. నీలం పోయేదాకా ఎన్ని మి.లీ. పట్టిందో లీటరుకు అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్. థయోసల్ఫేటు పాతబడితే బలం తగ్గి, ఎక్కువ పట్టి, చెరువు ఉన్నదానికన్నా బాగున్నట్టు చూపిస్తుంది. సీసా మీద తయారీ తేదీ రాయడం ఇందుకే.

నీళ్ల తేటదనం కొలవడానికి 20 సెంటీమీటర్ల స్టీలు పళ్లెం, నలుపు తెలుపు పావులుగా రంగేసి, బరువు కట్టిన తాడు. నీడవైపు దించి, కనబడకుండా పోయిన లోతు, మళ్లీ కనబడిన లోతు, రెంటి సగటు. అంతే.

అమ్మోనియా దగ్గర కొంచెం ఆలోచించాలి. అక్వేరియం షాపులో దొరికే చుక్కల కిట్టు మొత్తం అమ్మోనియాను చెబుతుంది గానీ చేపను చంపేది అందులో ఒక భాగమే. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 7 దగ్గర ఆ భాగం నూటికి ఒకటి కూడా ఉండదు, 9 దగ్గర దాదాపు మూడో వంతు. నాచు మధ్యాహ్నానికి పీహెచ్‌ను పైకి లాగుతుంది కాబట్టి పీహెచ్ లేకుండా అమ్మోనియా అంకె రాసినా ఉపయోగం లేదు.

ఇక అసలు పని, మురుగు ఎక్కడ కలుస్తోందో పట్టుకోవడం. మూడు రోజులు చినుకు పడకపోయినా రాజకాలువలో (వాన నీళ్లు పోయే పెద్ద కాలువ) నీళ్లు పారుతున్నాయంటే అవి వాన నీళ్లు కావు. చెరువు నుంచి పైకి నడుస్తూ యాభై మీటర్లకోసారి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) చూపే పెన్ను ముంచాం. ఒకచోట అంకె ఎగిరింది, దొరికిందనుకున్నాం. తీరా చూస్తే ఆర్‌ఓ ప్లాంటు వదిలేసే నీళ్లు. బోరు నీళ్లు కలిసినా ఇలాగే ఎగురుతుంది. టీడీఎస్, అమ్మోనియా రెండూ ఒకేచోట పెరిగితేనే మురుగని నమ్మాలి. పాత కాలువ ఎటు పోయేదో చూపించింది ఊరి పెద్దలు. ఇటువైపు పాతకాపుల ఇళ్లలో తెలుగు వినబడుతుంది, కాకపోతే మనం అలుగు అనేదాన్ని ఇక్కడ కోడి అంటారు. మొదట్లో ఆ మాట మాకు అర్థం కాలేదు!

పారుదల లెక్కకి నిమ్మకాయ చాలు. తిన్నగా ఉన్న 10 మీటర్లు గుర్తుపెట్టి, నిమ్మకాయ వదిలి, సెకన్లు లెక్కపెట్టాలి. 40 సెకన్లు పట్టిందనుకోండి, వేగం సెకనుకు 0.25 మీటరు. పైనీరు అడుగునీటికన్నా వేగంగా పోతుంది కాబట్టి 0.85తో గుణించాలి. కాలువ వెడల్పు 80 సెం.మీ., లోతు 10 సెం.మీ. అయితే సెకనుకు సుమారు 17 లీటర్లు, గంటకి 61 వేలు. కల్వర్టు పైనుంచే కొలవాలి, లోపలికి దిగకూడదు, విషవాయువు ఉంటుంది.

దీన్ని 24తో గుణించి అధికారులకు రాసిన మా మొదటి ఉత్తరం నిలబడలేదు. మురుగు పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య ఉబ్బుతుంది, రాత్రి మూడింటికి సన్నబడుతుంది. ఒక కార్యాలయం కాలువ తమది కాదంది, ఇంకోటి పైపు తమది కాదంది. రెండో ఉత్తరం కన్నడంలో, ఒకే పేజీ. కలిసే చోటు అక్షాంశ రేఖాంశాలు, గంట గంటకీ పారుదల, పైనా కిందా అమ్మోనియా, తేదీ పడ్డ ఫొటోలు. ఇంజనీరు గారిని పదకొండింటికి కాకుండా ఏడింటికి రమ్మని అడిగాం. వచ్చి చూశారు, తెగిన మ్యాన్‌హోల్ పైపు కలిపించారు.

కొలతలు ఆపలేదు. ఏప్రిల్‌లో మొదటి పెద్ద వాన కాలువ అడుగున పేరుకున్న మడ్డినంతా ఒక్కసారిగా చెరువులోకి తోస్తుంది. మర్నాడు ఐదున్నరకే సీసా పట్టుకుని ఉంటాం. 2 కన్నా తక్కువుంటే చేపలాయనకి ఫోన్ చేసి ఆ రోజు మేత వేయొద్దంటాం. మిగిలిపోయిన మేత కూడా కుళ్లి ఆక్సిజన్ తినేదే.