కడియంలో నా మొదటి పండగ సీజను

డిగ్రీ పరీక్షలయ్యి ఇంట్లో ఖాళీగా ఉన్న ఏడాది, మా పిన్ని నన్ను తను పనిచేసే నర్సరీకి తీసుకెళ్ళింది. రాజమండ్రి నుంచి వస్తుంటే కడియపులంక దగ్గర హైవేకి రెండు పక్కలా మొక్కలే కనిపిస్తాయి కదా, వాటిలో ఒకటి. అప్పుడు జులై. "సంక్రాంతి దాకా చేసి చూడవే, తర్వాత నీ ఇష్టం" అంది.

పండగ సీజను పండగకి నెల ముందు మొదలవుతుందనుకునేదాన్ని. నేను వెళ్ళిన రోజుకే అక్కడ సంక్రాంతి చామంతుల పని నడుస్తోంది. తల్లిమొక్కల పిలకలు తీసి చిన్న పాకెట్లలో నాటుతున్నారు.

మొదటి నెలంతా నాకు పాకెట్లు నింపడమే పని. ఎర్రమట్టి, గత్తం, కొబ్బరిపొట్టు కలిపిన కుప్ప చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్ళం కూర్చునేవాళ్ళం. అడుగు మూలలు రెండూ లోపలికి నొక్కి, పిడికిలితో మట్టి కూరి, నేలకేసి రెండుసార్లు తట్టాలి. పైన రెండు వేళ్ళ మందం వదిలెయ్యాలి, నీళ్ళు నిలవడానికి. గట్టిగా కూరితే వేరు దిగదు, వదులుగా కూరితే లోడెత్తేటప్పుడు మట్టి గడ్డ విరిగిపోతుంది. పిన్ని నింపిన పాకెట్‌ని కళ్ళు మూసుకుని పట్టుకున్నా తెలిసిపోతుంది. నాకు ఆ చెయ్యి రావడానికి రెండు నెలలు పట్టింది.

చామంతులు నాటిన నెలకి తలలు తుంచాలి. బాగా ఎదుగుతున్న మొక్క కొన గిల్లెయ్యాలంటే నాకు చెయ్యాడలేదు. మేస్త్రీ గారు వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, "తల ఒకటి తుంచితే కొమ్మలు నాలుగొస్తాయమ్మా. కొమ్మకో మొగ్గ. గిల్లకపోతే ఒక్క పువ్వుతో బోడిగా నిలబడుద్ది" అన్నారు. ఆయన ముప్పై ఏళ్ళకి పైగా మామిడి అంట్లు కట్టిన మనిషి. బొటనవేలి గోరు పక్కన చాకు ఒరుసుకుని కాయ కాసిన గీత ఒకటి ఉంటుంది.

దసరాకి క్రిస్మస్ పూల మొక్కల వంతు. పాయిన్‌సెట్టియా అని పెద్ద పేరు ఉన్నా మా దగ్గర అందరూ క్రిస్మస్ మొక్కనే అంటారు. ఎర్రగా కనిపించేవి పువ్వులు కావు, ఆకులు. అసలు పువ్వులు వాటి నడుమ పచ్చగా, చిన్న గింజల్లా ఉంటాయి. కొమ్మ విరిగితే పాలు కారతాయి, ఆ పాలు తగిలిన చోట నాకు సాయంత్రానికల్లా దద్దుర్లు లేచేవి. ఈ మొక్క ఎరుపెక్కాలంటే చలికాలపు పొడుగు రాత్రులు కావాలి, రాత్రంతా చీకటిగా ఉండాలి. ఈ సంగతి నేను తెలుసుకున్నది తప్పు జరిగాకే.

దీపావళి ముందు రాత్రిపూట కూడా లోడ్లు వెళ్ళేవి. లారీ ఎత్తడానికి వెలుగు చాలక షెడ్డు స్తంభానికి బల్బు కట్టారు. లోడు వెళ్ళాక తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు. వర్షాలకి పాములు తిరుగుతున్నాయని నేనే దాన్ని తెల్లారేదాకా వెలగనిచ్చేదాన్ని. అలా డిసెంబరు దాకా వెలిగింది.

డిసెంబరు మొదటి వారంలో మొక్కలు రంగు తిరిగాయి. ఒకరోజు పొద్దున్నే నీళ్ళు పెడుతూ చూస్తే మధ్యలో ఒక భాగం పచ్చగానే ఉండిపోయింది. ఏదో తెగులనుకుని ఆకులు తిరగేసి చూశాను. పురుగు లేదు, మచ్చ లేదు. మేస్త్రీ గారు వచ్చి మొక్కల వైపు చూడకుండా తలెత్తి పైకి చూశారు. అప్పుడు నాకూ కనబడింది. స్తంభం చుట్టూ చాప పరిచినట్టు పచ్చటి గుండ్రం. దాని అంచున సగం ఎరుపు, సగం పచ్చ. వెలుగు ఎంతదాకా పడిందో అంతదాకా ముగ్గు వేసినట్టుంది. లెక్కపెడితే అరవై ఎనిమిది కుండీలు.

ఏడుపొచ్చేసింది. ఆయన తిట్టలేదు. "చామంతికి పువ్వు తొందరపడకూడదనుకుంటే మనమే రాత్రి లైట్లు వేస్తాం. అక్కడ కావాలని చేసేది ఇక్కడ తెలీక జరిగింది" అన్నారు. ఆ రోజు నుంచి వాటి మీద రోజూ సాయంత్రం ఐదింటికి నల్ల పట్టా కప్పి, పొద్దున్న ఎనిమిదింటికి తీసేదాన్ని. ఎంత కప్పినా పండగకి అందవని ఇద్దరికీ తెలుసు.

డిసెంబరు ఇరవై నుంచి భోగి దాకా రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. కొత్త సంవత్సరానికి మొక్కలతోనే అక్షరాలు, అంకెలు పేర్చడం మా వైపు నర్సరీలకి ఆనవాయితీ. రెండు రోజులు వంగి వంగి పేర్చితే నడుం పట్టేసింది. మంచు కురిసే పొద్దుల్లో చామంతులకి పైనుంచి నీళ్ళు పోస్తే పూలకి బూజు పడుతుంది, అందుకని మొక్క మొదలు దగ్గరే పోయాలి, అదీ ఎండొచ్చాక. వేలు మట్టిలో పెట్టి చూసి, తడి తగిలితే ఆ పాకెట్‌ని వదిలెయ్యాలి.

హైదరాబాదు నుంచి సొంతూళ్ళకి వెళ్ళే కార్లు వరసగా ఆగేవి. అందరూ అడిగేది మామిడి అంట్లే. బంగినపల్లి, కొత్తపల్లి కొబ్బరి. "ఎన్నాళ్ళకి కాస్తుందమ్మా?" అని అడిగితే మూడు నాలుగేళ్ళని చెప్పేదాన్ని. అంతటితో వదలకుండా మెడ దగ్గర అతుకు చూపించేదాన్ని. అది మట్టిలోకి వెళ్ళకుండా నాటాలి, దాని కింద నుంచి వచ్చే చిగుళ్ళని ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి, లేకపోతే అడుగు టెంకమొక్కే పెరిగి పైన కట్టిన రకం పోతుంది. కట్టిన ప్లాస్టిక్ రిబ్బను విప్పడం మరిచిపోకూడదు. రద్దీలో ఇంత చెప్పడమెందుకని పక్కవాళ్ళు విసుక్కునేవారు. నాలుగేళ్ళు నీళ్ళు పోసి పెంచినవాళ్ళకి పుల్లటి పీచుకాయ రావడం ఎంత అన్యాయం! ఆ రెండు నిమిషాలు మనం ఇవ్వాల్సిందే.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన పుణ్యమా అని మా వైపు కాలువ నీళ్ళున్నాయి, తడికి లోటు లేదు. భోగినాడు కూడా సెలవే లేదు. మొక్కకి పండగ తెలీదు కదా. తెల్లారకుండా ఇంట్లో మంట దగ్గర ఒక్క నిమిషం నిలబడి, ఏడింటికల్లా పైపు పట్టుకున్నాను. మధ్యాహ్నం పిన్ని, నేను అమ్ముడుపోని బంతులు ఒడినిండా కోసుకుని వెళ్ళాం. మర్నాడు మా వాకిట్లో గొబ్బెమ్మలకి ఆ పూలే.

ఆ అరవై ఎనిమిదీ ఫిబ్రవరిలో ఎర్రబడ్డాయి. ముందరి వాటికన్నా చిక్కటి ఎరుపు. అప్పటికి అడిగేవాళ్ళు లేరు. మేస్త్రీ గారు ఒక కుండీ తీసి నా చేతిలో పెట్టారు. నేను ఆ పనిలోనే ఉండిపోయాను. ఆ మొక్కని పెరట్లో నేలలో నాటాను, వీధిలైటు పడని మూల చూసుకుని.