కానో కోర్టులో మన సెక్షన్లు

నైజీరియాలోని కానోలో ఒక బియ్యం మిల్లులో స్టోర్స్ చూసేవాణ్ణి. ఒకసారి మా దగ్గర లోడెత్తిన లారీ చేరాల్సిన చోటికి చేరలేదు. డ్రైవర్ ఫోన్ స్విచాఫ్. ఫిర్యాదు రాసింది నేనే కాబట్టి స్టేషన్‌కూ కోర్టుకూ తిరగడం నా వంతయింది.

మూడో రోజు వెళ్తే స్టేషన్ బెంచీ మీద ఒక కుర్రాడున్నాడు. డ్రైవర్ తమ్ముడట. "వీణ్ణి ఉంచితే అన్న తనే వస్తాడు" అన్నారు. నాకు కాళ్లాడలేదు. కొడుకు కోసం తండ్రిని తీసుకెళ్లి కూర్చోబెట్టడం చిన్నప్పుడు మా ఊళ్లోనూ చూశాను. లాయర్ గారికి ఫోన్ చేశాను. ఒకరికి బదులు ఇంకొకరిని అరెస్టు చేయకూడదని 2015 నాటి ఫెడరల్ చట్టం ఏడో సెక్షన్‌లోనే ఉందన్నారు. తమ్ముడి మీద నాకు ఫిర్యాదు లేదని రాసిచ్చి, అతణ్ణి పంపేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. సాయంత్రం నమాజు వేళకు వదిలారు.

కొన్ని వారాలకు డ్రైవర్ దొరికాడు. మేజిస్ట్రేట్ కోర్టులో మొదటి రోజు ఒకటే టెన్షన్. తీరా అక్కడ చదివింది ఎఫ్ఐఆర్! అందులో 'క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్', అంటే నమ్మి అప్పగించిన సొత్తు కాజేయడం, అన్న మాట వినగానే మా నాన్న గుర్తొచ్చారు. ఆయన నరసరావుపేటలో వకీలు గుమాస్తా. మన పాత పీనల్ కోడ్‌లో ఆ నేరానికి 406, మోసానికి 420. ఆ మాటలు వింటూ పెరిగాను.

లాయర్ గారు ఆ సంగతి విడమరిచారు. మన 1860 నాటి పీనల్ కోడ్‌ను బ్రిటిష్ వాళ్లు 1899లో సూడాన్‌కు తీసుకెళ్లారు. ఆ సూడాన్ కోడ్ నమూనాతో రాసిందే 1960లో అమల్లోకి వచ్చిన ఉత్తర నైజీరియా పీనల్ కోడ్. దక్షిణాన లాగోస్ వైపు మాత్రం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కోడ్ నుంచి వచ్చిన క్రిమినల్ కోడ్. అందులో మోసానికి సెక్షన్ 419. అందుకే మోసగాణ్ణి మనం 420 అంటే నైజీరియాలో 419 అంటారు. కానోలో 2000 నుంచి షరియా పీనల్ కోడ్ కూడా ఉంది.

రెండు వాయిదాలు ఊరికే పోయాయి. మూడోసారి నా సాక్ష్యం. వే బిల్లు, బస్తాల లెక్క, తేదీ, నేను ఇంగ్లీషులో చెప్పే ప్రతి ముక్కనూ కోర్టు ఉద్యోగి హౌసాలో ముద్దాయికి చెప్పేవాడు. మొదట విసుగొచ్చింది. బోనులో అతను ప్రతి మాటకూ తలెత్తి వినడం చూశాక నేనే నెమ్మదిగా చెప్పాను. తన మీద ఏం చెబుతున్నారో తన భాషలో తెలియాలి కదా.

అతనికి శిక్ష పడింది. తమ్ముడు ప్రతి వాయిదాకూ అన్నకు అన్నం తెచ్చేవాడు. ఆ రోజూ తెచ్చాడు, వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.