చిన్న ట్రాక్టర్‌కి దుంగలు పట్టే హైడ్రాలిక్ పంజా, ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చిందంటే

గొలుసు కట్టి దుంగలు లాగీ లాగీ విసుగొచ్చేసింది. ప్రతి దుంగకీ ట్రాక్టర్ దిగాలి, వంగి గొలుసు కిందనుంచి దూర్చాలి, మళ్ళీ ఎక్కాలి, తీసుకెళ్ళాక మళ్ళీ దిగి విప్పాలి, ఇలా పది దుంగలయ్యేసరికి నడుం పట్టేసేది. అందుకే వెనక త్రీ పాయింట్ లింకేజీకి (పనిముట్లు బిగించే మూడు చేతుల అమరిక) తగిలించే పంజా ఒకటి సొంతంగా చేద్దామని దిగా. సీట్లో కూర్చునే లీవర్ నొక్కితే దుంగని పట్టుకోవాలి, ఒక చివర పైకెత్తి ఈడ్చుకుపోవాలి, అంతకంటే పెద్ద ఆశలేం లేవు. ట్రాక్టర్ 27 హార్స్ పవర్‌ది, పంపు నిమిషానికి 20 లీటర్లు ఇస్తుంది, ప్రెషర్ 150 బార్. ఈ రెండు అంకెలు మీ ట్రాక్టర్‌వి ఎంతో తెలుసుకోకుండా మాత్రం సిలిండర్ జోలికి వెళ్ళొద్దు.

నేను ముందు భయపడింది బలం చాలుతుందా అని. లెక్కేస్తే నవ్వొచ్చింది. 50 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) సిలిండర్, 150 బార్ దగ్గర తోసే బలం దాదాపు 3 టన్నులు. అదే లాగేటప్పుడు 30 మిల్లీమీటర్ల రాడ్ ఆక్రమించిన చోటు పోతుంది కాబట్టి 2 టన్నుల లోపే. కాబట్టి రాడ్ బయటికి వచ్చేటప్పుడు పంజా మూసుకునేలా పెట్టుకోవాలి, పడుకోబెట్టిన సిలిండర్ పైన రెండు చేతుల మధ్య ఉండి వాటిని చెరోపక్కకి తోస్తుంది, కింద దవడలు దగ్గరికొస్తాయి. పైచేయి 130 మిల్లీమీటర్లు, పివట్ (దవడ తిరిగే పిన్ను) నుంచి వేలి కొసకి 430, అంటే కొస దగ్గర మిగిలేది 900 కిలోల చిల్లర, అదీ సిలిండర్ చేతికి లంబంగా ఉన్నప్పుడు, కోణం తగ్గేకొద్దీ పడిపోతుంది. 30 సెంటీమీటర్ల లావు, 3 మీటర్ల పొడవు పచ్చి దుంగ బరువు సుమారు 200 కిలోలు, నేను ఎత్తేది ఒక చివరే కాబట్టి అందులో సగం అనుకోండి. పట్టుకి ఏ లోటూ లేదు. 200 మిల్లీమీటర్ల స్ట్రోక్ (రాడ్ బయటికి వచ్చే దూరం) రెండు దవడలకీ తలా 100 వస్తుంది, అది 45 డిగ్రీల తిరుగుడు, నోరు మొత్తం 65 సెంటీమీటర్లు తెరుచుకుంటుంది.

తిప్పలంతా దవడ ఆకారంతోనే వచ్చింది, బలంతో కాదు. పాత అట్టపెట్టెలు కోసి దవడలు చేశా, మేకు గుచ్చి పివట్లు పెట్టా, నేల మీద పరిచి వేరే వేరే సైజు గుండ్రటి అట్టలు మధ్యలో పెట్టి మూస్తూ చూశా. మూడు రోజులు ఇదే పని, నాకు పిచ్చెక్కిందని ఇంట్లోవాళ్ళకి అనిపించింది. రెండు కొసలు ఎదురెదురుగా వచ్చి ఆగిపోయేలా గీస్తే 8 సెంటీమీటర్ల కొమ్మ మధ్య ఖాళీలోంచి జారిపోతోంది, అందుకని ఒక దవడకి రెండు వేళ్ళు, రెండోదానికి ఒకటే వేలు, ఆ ఒక్కటీ ఆ రెండింటి మధ్యలోంచి దూరి అవతలికి దాటేలా మార్చా. అట్ట నచ్చాక ప్లైవుడ్‌తో బోల్టులు బిగించి ఇంకోసారి చేశా. ఆ ప్లైవుడ్ ముక్కలే తర్వాత 12 మిల్లీమీటర్ల ప్లేటు మీద పెట్టి గీత గీసుకోవడానికి పనికొచ్చాయి.

గ్యాస్ కటింగ్ చేసి అంచులు గ్రైండర్‌తో నున్నగా చేశా, ముఖ్యంగా లోపలి మూలలు. అక్కడ కత్తిరింపు గాటు మిగిలితే ఎప్పుడో ఒకప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. పిన్నులు 25 మిల్లీమీటర్ల బ్రైట్ బార్‌తో (నున్నటి ఉక్కు కడ్డీ), బుష్షులు (పిన్ను తిరిగే గొట్టాలు) లేత్ మీద తీయించినవి. బలం లెక్కకైతే 20 పిన్నే చాలు కానీ అరుగుదల ఎక్కువుండే చోటు కాబట్టి ఒక సైజు పెంచా.

వెల్డింగ్ దగ్గర ఒక తప్పు చేశా. రెండు బుష్షులూ ట్యాక్ వేసి (చుక్కల్లా తాత్కాలికంగా అతికించి), పిన్ను తీసేసి, ఒక పక్క చుట్టూ ఒకేసారి ఫుల్ రన్ కొట్టేశా. చల్లారాక పిన్ను సగం దాకా వెళ్ళి బిగుసుకుపోయింది. సుత్తితో కొడితే వెళ్తుంది కానీ తిరగదు. ప్లేటు వేడికి ఒక పక్కకి లాగింది అన్నమాట, కళ్ళతో చూస్తే తెలీదు, మూలమట్టం పెడితే అర మిల్లీమీటర్ వెలుతురు కనిపించింది. ఒక బుష్షు కోసి తీసేసి, ఈసారి పిన్నుకి గ్రీజు రాసి లోపలే ఉంచి, ఎదురెదురు మూలల్లో చిన్న చిన్న రన్లు వేసుకుంటూ మధ్యలో చల్లారనిస్తూ చేశా. 3.15 మిల్లీమీటర్ల వెల్డింగ్ రాడ్లు, 7018 రకం, 120 ఆంపియర్ల దగ్గర బాగా నడిచాయి, కానీ అవి తేమ పట్టకుండా పొడిగా ఉండాలి. ఇంకో మాట, సిలిండర్ బిగించి ఉండగా వెల్డింగ్ చేయాల్సి వస్తే ఎర్త్ క్లాంప్ వెల్డ్ చేసే ముక్కకే పెట్టండి, కరెంటు సిలిండర్‌లోంచో బేరింగ్‌లోంచో వెళ్తే లోపల మచ్చలు పడతాయి, రాడ్ మీద తడిగుడ్డ కప్పండి, ఒక్క నిప్పురవ్వ అంటుకుందంటే సీల్ కథ ముగిసినట్టే.

అన్నీ బిగించి గాల్లో వేలాడదీసి లీవర్ నొక్కితే ఎడమ దవడ ఒక్కటే పూర్తిగా మూసుకుంది, కుడిది కదల్లేదు! తర్వాత కుడిది మొదలైంది. ఆలోచిస్తే సిలిండర్ రెండు చేతుల మధ్య ఊరికే వేలాడుతోంది, దేనికి రాపిడి తక్కువుంటే అది ముందు కదులుతుంది, సిలిండర్‌కి పక్షపాతం ఏమీ లేదు. దీనికి మందు ఏంటంటే ఒక ఏటవాలు లింకు. ఎడమ దవడకి పివట్ పైన ఒక పిన్ను, కుడి దవడకి పివట్ కింద ఒక పిన్ను, ఆ రెండింటికీ ఒక పట్టీ. మూసుకునేటప్పుడు ఎడమదాని పైభాగం ఎడమకే పోతుంది, కుడిదాని కిందిభాగం కూడా ఎడమకే వస్తుంది, కాబట్టి ఒకటి కదిలితే రెండోది ఊరుకోలేదు. పివట్ నుంచి రెండు పిన్నుల దూరం సమానంగా ఉండాలి, నేను 70 పెట్టా. ఈ ఒక్క పట్టీ పెట్టాక పంజా నడక మొత్తం మారిపోయింది, ముందే ప్లైవుడ్ దగ్గరే పట్టుకోవాల్సిన సంగతి ఇది, కానీ అక్కడ రెండు దవడలూ నా రెండు చేతులతో మూసేవాడ్ని కదా, అవి సమానంగానే కదిలేవి.

పంజా తిరగడానికి పాత కారు వెనక చక్రం హబ్ వాడా, టేపర్ రోలర్ బేరింగులున్నది, నిలువుగా వేలాడదీస్తే బరువు బాగానే మోస్తుంది. దానిపైన ఒకదానికొకటి అడ్డంగా రెండు పిన్నులు, పంజా అటూ ఇటూ ముందుకీ వెనక్కీ ఊగడానికి. బరువంతా హబ్ చివర నట్టు మీదే ఉంటుంది కాబట్టి కాటర్ పిన్ (నట్టు విప్పుకోకుండా ఆపే పిన్ను) లేకుండా ఎత్తడం మాట మర్చిపోండి. మోటార్ పెట్టలేదు, దుంగని తాకించి తిప్పుకుంటా. ఒక స్టాప్ బోల్టు పెట్టా, లేకపోతే తిరుగుతూ తిరుగుతూ ఆయిల్ హోసులు మెలికపడతాయి.

హోసుల దగ్గర రెండో ఆదివారం మొత్తం పోయింది. పావు అంగుళం, రెండు వైర్ల రకం, దీని వంపు 100 మిల్లీమీటర్ల రేడియస్ కంటే తక్కువ కాకూడదు. మొదట నీట్‌గా కనిపించాలని పొట్టిగా కట్ చేయించా, పంజా ఒక పక్కకి పూర్తిగా తిరిగినప్పుడు హోసు బిర్రబిగుసుకుని దవడ పైచేయి అంచుకి రాసుకుంది, పైరబ్బరు లేచి లోపల వైరు మెరుస్తూ కనిపించింది. ఇప్పుడు పొడుగ్గా లూపు వదిలి బూమ్ (లింకేజీ నుంచి పంజాని మోసే చేయి) పక్కగా క్లాంపులు వేశా. అందంగా లేదు, పని చేస్తోంది. కొత్త హోసుల్లో కోసినప్పటి పొడి ఉంటుంది, గాలి కొట్టి ఆయిల్‌తో కడిగాకే తగిలించా, ఎందుకంటే ఈ ట్రాక్టర్‌లో గేర్‌బాక్స్‌కీ హైడ్రాలిక్‌కీ ఒకటే ఆయిల్.

సిలిండర్ పోర్టు దగ్గరే పైలట్ చెక్ వాల్వ్ (లీవర్ నొక్కేదాకా ఆయిల్‌ని సిలిండర్‌లోంచి వెనక్కి రానివ్వనిది) ఒకటి, దానికీ సిలిండర్‌కీ మధ్య స్టీల్ పైపే, హోసు కాదు. హోసు పేలినా పట్టు వదలకూడదని. లీకు ఎక్కడుందో చూడ్డానికి చెయ్యి పెట్టొద్దు అండి, అట్టముక్క పెట్టి చూడండి, సూది సైజు ధార కూడా చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం అది.

మొదటి టెస్ట్‌లో గాలి చిక్కుకుని పంజా కుదుపులుగా కదిలింది, ఖాళీగా పది పన్నెండు సార్లు తెరిచి మూస్తే సర్దుకుంది, ఆయిల్ లెవెల్ కొంచెం తగ్గితే పోశా. 20 లీటర్ల ఫ్లోకి పంజా ఒకటింపావు సెకన్లో టక్కున మూసుకుంటోంది, అది మరీ ఎక్కువ, ఫ్లో కంట్రోల్ (ఆయిల్ వేగం తగ్గించే వాల్వ్) పెట్టి మూడు సెకన్లకి తెచ్చా. తర్వాత 50 సెంటీమీటర్ల లావు మొద్దు మీద ట్రై చేస్తే తడి సబ్బులా కిందకి జారిపోయింది. చూస్తే వేళ్ళ కొసలు మొద్దు నడుము దాటి కిందకి దిగట్లేదు, పైసగాన్నే నొక్కుతున్నాయి, పైన నొక్కితే అది కిందకే పోతుంది కదా. దవడలు పొడిగించకుండా అలాంటి లావువి వదిలేద్దామని నిర్ణయించుకున్నా, ఆ సైజు ఈ ట్రాక్టర్‌కి తగిన పని కాదు.

ఇంకో భయం ముందు చక్రాలు. బూమ్ వెనక్కి 60 సెంటీమీటర్లు వచ్చింది కాబట్టి లిఫ్ట్ మీద రాసున్న కెపాసిటీ ఇక్కడ వర్తించదు. ముందు బరువులు పెట్టా. ఈడ్చేటప్పుడు దుంగ చివర నేల మీంచి ఒక జానెడు లేస్తే చాలు, పట్టు వెనక ఇరుసు కంటే కిందే ఉండాలి. ఎత్తుగా పట్టుకుని లాగుతున్నప్పుడు దుంగ మోడుకి తగులుకుందంటే ట్రాక్టర్ ముందు భాగం మన మీదకే లేస్తుంది.

నిన్న మొత్తం 14 దుంగలు లాగా, పెద్దది 4 మీటర్లు, 35 లావు. దిగింది రెండే సార్లు, ఒకటి నీళ్ళకి, ఒకటి ఏటవాలు లింకు పిన్ను కీచుమంటుంటే చూడ్డానికి. ఆ పిన్నుకి ఒక్కదానికే గ్రీజ్ నిప్పల్ (గ్రీజు ఎక్కించే ముక్కు) బెజ్జం వేయడం మర్చిపోయా. పెయింట్ ఇంకా వేయలేదు, ముందు ఆ బెజ్జం.