ఇమ్యూనిటీ కషాయం, మా పాప కన్ను

ఎడమ కన్ను మసకగా ఉందని మా పాప అంటే, ఫోన్ తగ్గించమని తిట్టాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. దానికి 13 ఏళ్లు. కన్ను తిప్పితే నొప్పి, పైగా ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తోందంది.

గుంటూరు కొత్తపేటలో ఎమ్మారై, ఇంకేవో పరీక్షలు చేశాక డాక్టరుగారు మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలయ్యే జబ్బట, పిల్లల్లో అరుదు. నరాల మీద వైరు తొడుగులా మైలిన్ ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన టి కణాలు, బి కణాలే దాని మీద పడతాయి. "కంచే చేను మేసినట్టన్నమాట" అంది మా అత్తయ్య. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు నాకు.

ఇమ్యూనిటీ పెరగాలని రోజూ పొద్దున్నే కషాయం పట్టించినదాన్ని నేను! ఇప్పుడు దాన్ని అదుపులో పెట్టడానికే మందులు. పిల్లల్లో ఈ దాడులు పెద్దవాళ్లకంటే తరచుగా వస్తాయట, కానీ తేరుకోవడం కూడా త్వరగానే ఉంటుందట. ఆ రెండో ముక్క పట్టుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల రోజులు గడిపాను.

నిన్న మిర్చి యార్డు పక్కనుంచి బండి మీద వస్తుంటే వెనకనుంచి అంది: "అమ్మా, మిరపకాయలు మళ్లీ ఎర్రగా ఉన్నాయే!"