సీటు రాడ్డు మారింది, సీటు మాత్రం కదలలేదు

హన్మకొండలో ఏ సైకిల్ షాపుకు పోయి సీటు రాడ్డు కావాలన్నా ముందు అడిగేది లావు ఎంతని. నాది 27.2 మిల్లీమీటర్లు. పాత రాడ్డు కింది భాగంలో, ఫ్రేమ్ లోపల దాగే చోట, ఆ అంకె చెక్కి ఉంది. 27 పెడితే ఎంత బిగించినా జారుతుంది. ఇంతవరకు గొడవ లేదు.

గొడవంతా రాడ్డు తల దగ్గర. పాతదానికి సీటును పట్టుకునే క్లాంపు రాడ్డు నడిమి గీతకు 25 మి.మీ. వెనక ఉండేది. దాన్నే సెట్‌బ్యాక్ అంటారు. దాని బోల్టు మరలు అరిగిపోయాయి కాబట్టే కొత్తది. షాపు అన్న తీసిచ్చింది నిటారుది, సెట్‌బ్యాక్ సున్నా. అంటే సీటు అంతమేర ముందుకొస్తుంది.

"సీటు ఎనుకకు జరుపుకుంటే అయిపాయె సార్."

కాదు. సీటు కింది కమ్మీలు తిన్నగా ఉండేది కొంతమేరే. నా సీటు ఇప్పటికే వాటి నడిమధ్య బిగించి ఉంది. ఇంకో 25 మి.మీ. వెనక్కి తోస్తే క్లాంపు ముందు వంపు మీదికి పోతుంది. అక్కడ బిగిస్తే కమ్మీ వంగుతుంది, లేదా ఒకరోజు విరుగుతుంది. కాజీపేట నుంచి రామప్ప దాకా దాదాపు 70 కిలోమీటర్లు తొక్కే మనిషికి ఆ ధైర్యం ఉండకూడదు.

సీటు పాత చోటే ఉండాలని, పాతది విప్పకముందే ఇంట్లో కొలతలు తీసి పెట్టుకున్నాను. పెడళ్ల కాడలు తిరిగే క్రాంక్ ఇరుసు నడిమి నుంచి సీటు పైదాకా 71.5 సెం.మీ. సీటు ముక్కు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీస్తే, ఆ దారం ఇరుసుకు 6 సెం.మీ. వెనక పడింది. నేల చదునుగా ఉండాలి, సైకిల్ నిటారుగా నిలబడాలి. లేకపోతే ఈ రెండో కొలత ఉత్తదే.

బిగించేటప్పుడు ముందు ఎత్తు, తర్వాత ముందువెనకలు. రాడ్డు దిగే సీటు గొట్టం వాలుగా ఉంటుంది కదా, 73 డిగ్రీల వాలుకు సీటు ఒక సెంటీమీటరు లేపితే 3 మి.మీ. దాకా వెనక్కి పోతుంది. వెనక్కి జరిపితే పెడల్ కూడా దూరమవుతుంది. కాబట్టి రెండూ సరిపోయేదాకా మార్చి మార్చి కొలవాల్సిందే. విసుగు పుట్టే పని, ఆదివారానికి పెట్టుకోండి.

25 సెట్‌బ్యాక్‌ది తెప్పించమన్నాను, వచ్చింది. కనీసం ఇంత లోపలుండాలనే గీత ఫ్రేమ్‌లో మునిగిందో లేదో చూసుకుని, కొంచెం గ్రీజు రాసి బిగించాను. రంగే నలుపు. వెండి రంగు ఫ్రేమ్‌కు ఇదేం అతుకని మా ఆవిడ అంటోంది.